ఎవరి భవిష్యత్తు, ఎవరి విచారణ: విజన్ 2020, అల్గోల్ ‘ప్రజాతీర్పు’ ఆధారంగా ముందుచూపు కసరత్తుల మదింపు

1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘విజన్ 2020’ పత్రాన్ని విడుదల చేసింది. మెకిన్సే సంస్థ తోడ్పాటుతో తయారైన ఆ పత్రం ఇరవై ఏళ్ల తర్వాత రాష్ట్రం ఎలా ఉండాలో చెప్పింది. వ్యవసాయంతో బతికేవాళ్లు 70 శాతం నుంచి 40 శాతం దరిదాపులకు తగ్గాలన్నది అందులో ఒక లక్ష్యం. 2001 జూన్ చివరి వారంలో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని అల్గోల్ గ్రామంలో కొందరు చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చుని ఆ లక్ష్యాన్నే విచారించారు. దానికి ‘ప్రజాతీర్పు’ అని పేరు పెట్టారు.

ఈ రెండూ ముందుచూపు కసరత్తులే. రెండూ ఒకే రాష్ట్రం గురించి, ఒకే కాలవ్యవధి గురించి ఆలోచించాయి. ఇలాంటి కసరత్తులు భాగస్వామ్య జ్ఞాన సమాజానికి ఏ మేరకు తోడ్పడతాయో తేల్చడానికి ఏ కొలమానం వాడాలన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. జోస్యం ఫలించిందా అన్నదీ, ప్రభుత్వం సిఫార్సులు ఆమోదించిందా అన్నదీ సాధారణంగా వాడే కొలమానాలు. వీటికంటే ముందు చూడాల్సింది, ఆ భవిష్యత్తు ఎవరి మీద పడబోతోందో వాళ్లకు దాన్ని ప్రశ్నించే వీలు దక్కిందా లేదా అన్నదని నా వాదన.

కొలమానం ఎక్కడి నుంచి వచ్చింది

ముందుచూపు అన్నది చాలాకాలం నిపుణుల పనిగానే సాగింది. అమెరికాలో ర్యాండ్ సంస్థ రూపొందించిన డెల్ఫీ పద్ధతి నిపుణుల అంచనాలను విడతలవారీగా సేకరించి ఒక దగ్గరకు తెస్తుంది. జపాన్ 1971 నుంచి శాస్త్ర సాంకేతిక రంగాల మీద అలాంటి సర్వేలు జరుపుతూ వస్తోంది. షెల్ చమురు కంపెనీ 1970లలో భవిష్యత్తును ఒకే అంచనాగా కాక, రెండు మూడు చిత్రాలుగా గీసుకోవడం అలవాటు చేసుకుంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సాంకేతిక అంచనాల సంస్థ టైఫాక్ 1996లో వెలువరించిన ‘టెక్నాలజీ విజన్ 2020’ కూడా ప్రధానంగా నిపుణుల కృషే. మామూలు పౌరులను ఇందులోకి తెచ్చే దారి వేరేచోట తెరుచుకుంది. అమెరికాలో నెడ్ క్రాస్బీ 1970లలో పౌర జ్యూరీకి రూపమిచ్చాడు. డెన్మార్క్ సాంకేతిక మండలి 1980ల చివర, 1990లలో పౌర సమ్మేళనాలనూ భవిష్యత్ చిత్రాల కార్యశాలలనూ నడిపింది. అల్గోల్ కసరత్తు పౌర జ్యూరీనీ భవిష్యత్ చిత్రాల కార్యశాలనూ జోడించింది.

మదింపు సాహిత్యంలో తరచూ కనిపించేది 2008లో డా కోస్టా, ఆయన సహరచయితలు ప్రతిపాదించిన వర్గీకరణ. ముందుచూపు కసరత్తు విధానాలకు చేసే పనులను వాళ్లు ఆరుగా విడదీశారు. విధానకర్తలకు సమాచారం ఇవ్వడం నుంచి, పౌర భాగస్వామ్యాన్ని నెలకొల్పడం మీదుగా, ఇదంతా హేతుబద్ధంగానే జరిగిందని చూపించే ప్రతీకాత్మక ప్రయోజనం దాకా అందులో ఉన్నాయి. ఉపయోగకరమైన వర్గీకరణే. కానీ అది ఆరు పనులనూ సచివాలయం కిటికీలోంచి చూస్తుంది. పాలనకు ఏం ఒరిగిందో చెబుతుంది కానీ ప్రజల దగ్గర ఏం మిగిలిందో చెప్పదు. యునెస్కో 2005లో వెలువరించిన నివేదిక సమాచార సమాజానికీ జ్ఞాన సమాజాలకూ మధ్య గీత గీసింది. జ్ఞాన సమాజాలన్న బహువచనాన్ని కావాలనే వాడింది. ఆ బహువచనాన్ని నిజంగా పట్టించుకుంటే మదింపులో మరికొన్ని ప్రశ్నలు చేరాలి. భవిష్యత్ చిత్రాలను గీసింది ఎవరు? ఒక తరహా జ్ఞానం మరో తరహా జ్ఞానాన్ని నిలదీసే వీలుందా? కసరత్తు ముగిశాక పాల్గొన్నవాళ్లకు ఏ శక్తి మిగిలింది? ఈ వ్యాసంలో ఎక్కువ బరువు రెండో ప్రశ్న మీద పెట్టాను.

అల్గోల్‌లో జరిగింది

నిర్వహణలో బ్రిటన్‌కు చెందిన ఐఐఈడీ, ససెక్స్ విశ్వవిద్యాలయ ఆవరణలోని ఐడీఎస్ సంస్థల పరిశోధకులు మిషెల్ పింబెర్ట్, టామ్ వేక్‌ఫర్డ్ ఉన్నారు. వాళ్లతోపాటు హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జీవవైవిధ్య పరిరక్షణ కోసం పనిచేసే స్థానిక సంఘాల కూటమి పాలుపంచుకున్నాయి. జ్యూరీలో మూడింట రెండొంతులకు పైగా స్త్రీలు. దళిత, ఆదివాసీ కుటుంబాలవాళ్లు ఎక్కువ. చాలామందికి చదవడం, రాయడం రాదు. అందుకే భవిష్యత్ చిత్రాలను పుస్తకాలుగా కాక వీడియోలుగా చూపించారు.

చిత్రాలు మూడు. మొదటిది విజన్ 2020 చెప్పినదే: యాంత్రికీకరణ, భూముల ఏకీకరణ, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి విత్తనాలు. రెండోది ఎగుమతి మార్కెట్లతో ముడిపడిన సేంద్రియ సేద్యం. మూడోది బయటి ఉత్పాదకాలు తక్కువ వాడుతూ, స్థానికంగా పండించి స్థానికంగా తినే స్వావలంబన బాట. మిగులునూ స్థానికంగా పండనివాటినీ మాత్రమే దూరప్రాంతాలతో ఇచ్చిపుచ్చుకోవడం అందులో భాగం. మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోవాలన్న నిర్బంధం లేదు. జ్యూరీ తన సొంత చిత్రాన్ని గీసుకోవచ్చు. ప్రభుత్వం, కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చినవాళ్లు సాక్షులుగా హాజరై జ్యూరీ ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఏ పక్షమూ విచారణను తనవైపు లాక్కోకుండా చూసే బాధ్యత ఒక స్వతంత్ర పర్యవేక్షక బృందానిది.

తీర్పు స్పష్టంగా వచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 నుంచి 40 శాతానికి తగ్గించడం, భూముల ఏకీకరణ, పల్లెజనం తరలిపోవడం, కాంట్రాక్టు సేద్యం, కూలి పనిని మింగే యంత్రాలు, బీటీ పత్తి, విటమిన్ ఎ బియ్యం సహా జన్యుమార్పిడి పంటలు, ఔషధ మొక్కల మీద పట్టు చేజారిపోవడం వద్దన్నారు. ఆరోగ్యకరమైన నేల, పలురకాల పంటలు, చెట్లు, పశువులు, తమ జ్ఞానం, తమ నైపుణ్యాల మీద నిలబడే స్వావలంబన సేద్యం కావాలన్నారు.

ఒక అంకె, ఒక చేను

ఈ తీర్పును పాతకాలపు మొండితనంగా కొట్టిపారేసినవాళ్లున్నారు. వ్యవసాయం వదలాల్సిన ఆ 30 శాతం మంది ఎక్కడికి పోవాలన్న ప్రశ్నను ఆర్థికవేత్తలూ అడిగారు. కానీ అడిగే తీరులో తేడా ఉంది. ప్రణాళికా పత్రంలో 70, 40 అన్నవి శాతాలు. వాటి మధ్య తేడా పరిశ్రమలకూ సేవలకూ మళ్లే శ్రామిక శక్తి. జహీరాబాద్ మెట్టలో ఆ తేడా కలుపుతీతలో ఉంటుంది, కోతలో ఉంటుంది.

అక్కడి ఒక చేను తీసుకుందాం. జొన్న, కంది, పెసర, కొర్ర, బబ్బెర ఒకే చేలో పెరుగుతాయి. యాసంగిలో నల్లరేగడిలో వేసిన జొన్న నేలలో మిగిలిన తడితో, మంచుతో పండుతుంది. గింజలు ఇంటికి, చొప్ప పశువులకు. చేలో ఎవరూ విత్తని కూరలు కూడా ఉంటాయి: దొగ్గలి, జొన్నచెంచలి, తుమ్మి. కలుపు తీసే స్త్రీలు వీటిని ఏరుకుని వండుకుంటారు. ఇవి కొనాల్సిన పని లేని కూరలు, పోషకాహారం. గణాంకాల పట్టికలో ఈ చేను ఒక ప్రధాన పంట దిగుబడిగా కుదించుకుపోతుంది. చొప్పకు అక్కడ గడి లేదు, దొగ్గలికూరకు అసలే లేదు. కలుపు మందు చల్లితే కూలి ఖర్చు తగ్గిందని పట్టిక చూపిస్తుంది. ఒక స్త్రీకి కూలీ, ఆమె ఇంటికి కూరా ఒకే దెబ్బతో పోయాయన్న సంగతి పట్టికకు ఎక్కదు. విటమిన్ ఎ కోసం కొత్త బియ్యం తెస్తామన్న ప్రతిపాదనను ఈ చేలో నిలబడి చూస్తే, ఉన్న ఆకుకూరలను చంపి లేని పోషకాన్ని విత్తనంలో పెట్టి అమ్మడంగా కనిపించడంలో వింత లేదు.

జ్ఞానం జ్ఞానాన్ని నిలదీయడం అంటే నా ఉద్దేశం ఇదే. ఇది అభిప్రాయ సేకరణతో జరగదు. సర్వేలో ప్రశ్న అడిగేవాడిది, జవాబు ప్రజలది. జ్యూరీలో ప్రశ్న ప్రజలది, జవాబు చెప్పుకోవాల్సింది నిపుణుడు. ఆ ఒక్క తారుమారే అల్గోల్ కసరత్తు జ్ఞాన సమాజానికి చేసిన అసలు చేర్పు.

సాగు వదిలినవాళ్లు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు తర్వాతి జనగణన బలమిచ్చింది. 2001, 2011 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో సొంతంగా సాగు చేసేవాళ్ల సంఖ్య తగ్గింది, వ్యవసాయ కూలీల సంఖ్య పెరిగింది. 2011 నాటికి పనిచేసే ప్రతి పదిమందిలో నలుగురికి పైగా వ్యవసాయ కూలీలే. సాగు వదిలిన బతుకుల్లో చాలా భాగం ఫ్యాక్టరీ గేటు దాకా పోలేదు, పక్కవాడి చేలోకే పోయింది.

పరిమితులు

అల్గోల్‌ను ఆదర్శంగా నిలబెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మూడు చిత్రాలనూ నిర్వాహకులే ముందుగా సిద్ధం చేశారు. స్థానిక భాగస్వాములకు మూడో చిత్రం మీద మొగ్గు ఉందన్నది దాచాల్సిన విషయం కాదు. విచారణ జరిగిన ప్రాంతంలో అప్పటికే దాదాపు రెండు దశాబ్దాలుగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాల సేద్యం మీద మహిళా సంఘాలతో పనిచేస్తోంది. పర్యవేక్షక బృందం ఉండటం ఈ లోపాన్ని తగ్గించింది, తీర్చలేదు.

బీటీ పత్తి సంగతి ఇంకా గట్టి పరీక్ష. జ్యూరీ వద్దన్న తొమ్మిది నెలలకు, 2002 మార్చిలో, కేంద్రం దానికి అనుమతినిచ్చింది. కొన్నేళ్లకే వరంగల్, గుంటూరు, ఆదిలాబాద్ జిల్లాల పత్తి రైతులు విరివిగా దానివైపు మళ్లారు. కాబట్టి జ్యూరీ తీర్పు రాష్ట్ర రైతాంగమంతటి తీర్పు అనడానికి వీల్లేదు. అయితే జ్యూరీ విలువ నమూనా సర్వే విలువ కాదు. అణగారినవాళ్లను ఎక్కువమందిని కూర్చోబెట్టడం ఇక్కడ పొరపాటున జరిగింది కాదు, ఆలోచించి చేసిన ఎంపిక. విజన్ పత్రం రాసిన గదిలో లేనివాళ్లు వాళ్లే. ఆ ఎంపికను ఒప్పుకుంటూనే, కోస్తా పత్తి రైతులతో, కృష్ణా డెల్టా వరి రైతులతో, రాయలసీమ వేరుశనగ రైతులతో ఇలాంటి విచారణలే జరిగి ఉంటే, వాటి తీర్పులు ఒకదానితో ఒకటి ఎక్కడ ఢీకొనేవో తెలిసేదని నా అభిప్రాయం. ఆ ఢీకొనడంలోంచి రాష్ట్రానికి దొరికే జ్ఞానం ఒక్క విచారణతో దొరకదు.

తీర్పు ఎక్కడిదాకా వెళ్లింది

2002 మార్చిలో నివేదిక లండన్‌లోని పార్లమెంటు భవనంలో చర్చకు వచ్చింది. దీనికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ అప్పుడు బ్రిటన్ సాయం పెద్దమొత్తంలో అందుకుంటున్న రాష్ట్రం, ఆ సాయం విజన్ 2020కి ఊతమిస్తోందన్నది విమర్శ. అప్పట్లో సాయం అందించిన బ్రిటన్ ప్రభుత్వ శాఖ డీఎఫ్ఐడీ నివేదిక పద్ధతినీ ప్రాతినిధ్యాన్నీ తప్పుపట్టింది. ఆ ఒత్తిడిలో నివేదిక పంపిణీ కొంతకాలం ఆగింది. తర్వాత పత్రికల్లో, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వంటి వేదికల మీద చర్చ సాగింది. గమనించాల్సిందేమంటే ఆ వాదోపవాదాలు ఎక్కువగా ఇంగ్లీషులో, దూరదేశపు సంస్థల మధ్య నడిచాయి. పద్ధతి సరైనదా కాదా అన్న చర్చ పెరిగినకొద్దీ చొప్పా, కూలీ, కూరా వెనక్కి పోయాయి. హైదరాబాద్‌లోని సచివాలయానికి జవాబు చెప్పాల్సిన బాధ్యతేదీ ఈ ప్రక్రియలో లేదు. భాగస్వామ్య కసరత్తులు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే: తీర్పు ఉంటుంది, దాన్ని అందుకోవాల్సిన చిరునామా ఉండదు.

పశ్చిమ ఆఫ్రికాలోని మాలి ఈ విషయంలో కొంత ముందుకెళ్లింది. 2006 జనవరిలో సికాసో నగరంలో రైతులు జన్యుమార్పిడి పంటల మీద జ్యూరీగా కూర్చున్నారు. అక్కడి ప్రాంతీయ పాలకమండలే దానికి ఆతిథ్యమిచ్చింది, స్థానిక రేడియోలు చర్చలను ప్రసారం చేశాయి. రైతుల ప్రశ్నలు హాలులో లేనివాళ్ల చెవినా పడ్డాయి, అధికార మండలికీ ఆ విచారణతో సంబంధం ఏర్పడింది.

జహీరాబాద్‌లో మిగిలిన శక్తి సంగతికొస్తే, కారణ కార్య సంబంధాలను తొందరపడి అంటగట్టకూడదు. అక్కడి దళిత మహిళలు సొంతంగా వీడియో చిత్రాలు తీశారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. ఏటా పాత పంటల జాతర జరుగుతోంది. వీటి వేర్లు మహిళా సంఘాల సుదీర్ఘ కృషిలో ఉన్నాయి, ఒక వారపు విచారణలో కాదు. ప్రజాతీర్పు వాళ్లకు ఇచ్చింది ఏమిటంటే, తమ చేని లెక్కను రాష్ట్రపు లెక్కతో సమానంగా బల్ల మీద పెట్టిన అనుభవం.

2047 పత్రాల ముందు

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ‘స్వర్ణాంధ్ర 2047’ విజన్‌ను విడుదల చేసింది. 2025 డిసెంబరులో తెలంగాణ ‘తెలంగాణ రైజింగ్ 2047’ పత్రాన్ని తెచ్చింది. పౌరుల సూచనలు సేకరించడం ఇప్పుడు ఇలాంటి పత్రాల తయారీలో మామూలైపోయింది. విజన్ 2020 నాటితో పోలిస్తే ఇది ముందడుగే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే వచ్చిన సూచనల సంఖ్యను భాగస్వామ్యానికి కొలతగా చూపిస్తే అల్గోల్ నేర్పిన పాఠం చేజారుతుంది. ఫోన్‌లో సూచన పంపిన రైతు కూలీకి, ఆ పత్రంలోని అంకెను రాసిన అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి ఇది ఎలా వచ్చిందని అడిగే అవకాశం ఇంకా రాలేదు.

ఈ పత్రాలను మదింపు చేయబోయే పరిశోధకులు వృద్ధిరేటు లక్ష్యాలతో మొదలుపెట్టకుండా మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. తిరస్కరించిన సూచనలేమిటి, ఏ కారణంతో తిరస్కరించారు? వ్యవసాయం నుంచి తరలిపోవాల్సినవాళ్లుగా లెక్కేసినవాళ్లతో ఏ జిల్లాలో, ఏ భాషలో, ఎన్ని రోజులు మాట్లాడారు? మండల స్థాయిలో జ్యూరీ విచారణ జరిగి తీర్పు వస్తే, దానికి లిఖితపూర్వకంగా జవాబు చెప్పాల్సిన శాఖ ఏది? 2047కి ఇంకా రెండు దశాబ్దాలుంది. అల్గోల్‌లో విచారణ జరిగినది లక్ష్యం గడువు కంటే పంతొమ్మిదేళ్లు ముందు, దాన్ని మార్చుకునే వ్యవధి ఉండగానే. ఈసారి ఆ విచారణలను స్వచ్ఛంద సంస్థలకు వదిలేయకుండా ప్రభుత్వాలే ప్రణాళికా ప్రక్రియలో భాగం చేసి, అయిదేళ్లకోసారి వేర్వేరు వ్యవసాయ మండలాల్లో జరిపి, వాటి వీడియోలను తెలుగులో బహిరంగంగా ఉంచాలి.