స్ప్రింగుకు తోడు డ్యాంపరు

ఐరోపా, అమెరికా, జపాను దేశాలలో స్పోర్ట్స్ కార్లు కొన్నవారికి ఒక సరదా ఉన్నది. కార్ఖానాలో బిగించిన స్ప్రింగులను తీసివేసి, వాటి స్థానంలో పొట్టి స్ప్రింగులను వేయిస్తారు. కారు రెండు మూడు సెంటీమీటర్లు నేలకు దగ్గరవుతుంది. చూడడానికి సొగసుగా ఉంటుంది, మలుపులలో ఒరగదనీ చెబుతారు. జర్మనీలోని ఐబాఖ్ వంటి సంస్థలు ఒక్కొక్క కారుకు తగినట్లు ఈ స్ప్రింగులను తయారుచేసి అమ్ముతున్నాయి. కొనేవారు మొట్టమొదట అడిగేది, కారు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందని. దిగిన తరువాత చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగులుతుంది? కొత్త స్ప్రింగు ఊపును పాత షాక్ అబ్జార్బరు ఆపగలదా? ఈ రెండు ప్రశ్నలూ చాలామందికి తోచవు. దానికి కారణం కొంతవరకు చరిత్రలోనే ఉన్నది. స్ప్రింగూ, షాక్ అబ్జార్బరూ కవలలు కావు. బండ్లపై ఒకటి స్థిరపడిన నూరేళ్ళకు గాని రెండవది రాలేదు.

స్ప్రింగు శాస్త్రానికి ఆద్యుడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్. సాగుదల బలానికి అనుపాతంలో ఉంటుందనే సూత్రాన్ని ఆయన 1676లో అక్షరాలు తారుమారు చేసి, పొడుపుకథలాగా అచ్చువేయించాడు. తాను ముందుగా కనుగొన్నాడన్న ఘనత దక్కాలి, గుట్టు మాత్రం బయటపడరాదు! విప్పి చెప్పినది 1678లో. ఆ సూత్రం వాహనాలకు అక్కరకు రావడానికి చాలాకాలం పట్టింది. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో లండనులో గుర్రపుబండ్లు తయారుచేసే ఒబడయా ఇలియట్, వంచిన ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి ఇరుసుపై కూర్చాడు. మన లారీల కింద నేడు కనబడే కమాను కట్ట ఆ వంశానిదే.

కమాను కట్టలో ఒక సుగుణం ఉన్నది. అది వంగినప్పుడు పట్టీలు ఒకదానితో ఒకటి రాచుకొంటాయి. ఆ ఘర్షణ వల్ల ఊపు కొంత తగ్గుతుంది. గుర్రపుబండి వేగానికి అది చాలును. మోటారు వచ్చి వేగం పెరిగేసరికి చాలలేదు. 1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డ్ మోడల్ టి కారు షాక్ అబ్జార్బర్లు లేకుండానే కార్ఖానానుంచి వెలువడేది. దానిలో గుంతల దారిన పోయినవారి అవస్థ ఊహించవచ్చు.

షాక్ అబ్జార్బరు అనే పేరే కొంత తికమక పెడుతుంది. గతుకు తాకిడిని తీసుకొనేది స్ప్రింగు. తీసుకొన్న శక్తిని అది దాచుకొని మళ్ళీ తిరిగి ఇచ్చివేస్తుంది, అందుకే కారు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ శక్తిని వేడిగా మార్చి గాలిలో కలిపివేసేది రెండవ సాధనం. బ్రిటిషు ఇంజనీర్లు దానిని డ్యాంపరు అంటారు. ఆ పేరే సరియైనది.

20వ శతాబ్ది మొదటి దశాబ్దంలో ఫ్రాన్సులో ట్రఫో అనే ఆయన బిళ్ళలు ఒకదానితో ఒకటి రాచుకొనే డ్యాంపరును రూపొందించగా, హార్ట్‌ఫర్డ్ దానిని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చాడు. పొడి ఘర్షణకు ఒక లోపం ఉన్నది. వేగం ఎంతైనా దాని బలం ఇంచుమించు ఒక్కటే. చిన్న గతుకుకు బిగుసుకుపోతుంది, పెద్ద గుంతకు చాలదు. చిన్న రంధ్రం గుండా నూనెను నెట్టే డ్యాంపరులో అట్లా కాదు. ఎంత వేగంగా నెడితే అంత ఎక్కువగా అది ఎదిరిస్తుంది. హూడాయ్ అనే ఫ్రెంచివాని పేరుతో వచ్చిన ఇటువంటి నూనె డ్యాంపర్లను, మోడల్ టి తరువాత వచ్చిన మోడల్ ఎ కారుకు ఫోర్డ్ సంస్థ బిగించింది.

నూనెతో మరొక చిక్కు వచ్చింది. ఎడతెగకుండా పనిచేస్తే అది వేడెక్కి పలచబడుతుంది. లోపలి గాలితో కలిసి నురుగైతే డ్యాంపరు పట్టు సడలిపోతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుర్సియే ద కార్బోన్ సిలిండరులో విడిగా కదిలే ఒక పిస్టను పెట్టి, నూనెను ఒకవైపు, అధిక పీడనంలో ఉన్న నత్రజనిని ఒకవైపు ఉంచాడు. పీడనంలో ఉన్న నూనె సులభంగా నురుగు కట్టదు. జర్మనీలోని బిల్‌స్టయిన్ సంస్థ ఈ పద్ధతి డ్యాంపర్లను 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు అందించింది. నేడు స్పోర్ట్స్ కార్లకు విడిగా అమ్మే మేలురకం డ్యాంపర్లలో చాలావాటికి మూలం ఇదే.

ఇక స్ప్రింగు ఎంత బిరుసుగా ఉండాలి? కారు బరువుకు స్ప్రింగు ఎంత కుంగుతుందో తెలిస్తే దాని సహజ పౌనఃపున్యం తెలుస్తుంది. 5ను, సెంటీమీటర్లలో కుంగుదల వర్గమూలంతో భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో వస్తుంది. 25 సెం.మీ. కుంగితే 1 ఊపు, 11 సెం.మీ. కుంగితే 1.5, 6 సెం.మీ. మాత్రమే కుంగితే 2. మొదటిది మెత్తని పెద్దకారు, చివరిది ఒళ్ళు కదిల్చే కారు.

ముందు స్ప్రింగులకూ వెనుక స్ప్రింగులకూ ఉండవలసిన పొత్తును గురించి పరిశోధించినవాడు మారిస్ ఓలీ. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి 1930లో అమెరికాలోని కాడిలాక్‌కు వెళ్ళిన ఈ ఆంగ్ల ఇంజనీరు, బరువులను ముందుకూ వెనుకకూ జరపడానికి వీలైన ఒక కారును సిద్ధం చేయించి, అందులో మనుష్యులను కూర్చోబెట్టి ప్రయాణం చేయించాడు. వెనుక స్ప్రింగుల పౌనఃపున్యం ముందువాటికంటె కొంచెం ఎక్కువగా ఉంటే కారు తక్కెడలాగా ఊగదని తేలింది. గతుకు ముందు చక్రానికి మొదట తగులుతుంది. ఆలస్యంగా మొదలైన వెనుక ఊపు వేగంగా సాగి ముందు ఊపును అందుకొంటుంది. ముందు రెండు స్ప్రింగులు మాత్రమే మార్చితే ఈ పొత్తు చెడే ప్రమాదం ఉన్నది. అందుకే నాలుగింటినీ ఒక జట్టుగా అమ్ముతారు.

ఇప్పుడు పొట్టి స్ప్రింగు సంగతి. కారు దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది. అది 50 సెం.మీ. ఎత్తు నుంచి 47కు దిగితే మలుపులో లోపలి చక్రాలనుంచి బయటి చక్రాలకు మారే బరువు 6 శాతం తగ్గుతుంది. లాభమే, కాని స్వల్పం. నష్టం వైపు చూడండి. చక్రం పైకి లేవడానికి 70 మి.మీ. చోటు ఉన్న కారును 30 మి.మీ. దించితే మిగిలేది 40. స్ప్రింగు దాచే శక్తి కుంగుదల వర్గాన్ని బట్టి ఉంటుంది గదా. అంతకుముందు తట్టుకొన్న గతుకునే ఈ 40లో తట్టుకోవాలంటే స్ప్రింగు మూడు రెట్లు బిరుసుగా ఉండాలి! బజారులో దొరికే స్ప్రింగులు అంత బిరుసైనవి కావు. మిగిలిన భారం చివరన ఉన్న రబ్బరు దిమ్మ మీద పడుతుంది. మలుపు మధ్యలో కారు ఆ దిమ్మకు తగిలితే ఆ చక్రం దగ్గర బిరుసు ఒక్కసారిగా పెరిగి టైరు పట్టు తప్పవచ్చు. ఒరుగుదల తగ్గించబోయి జారుడు తెచ్చుకొన్నట్లే.

మరొక విచిత్రం. చాలా కార్ల ముందు భాగంలో ఉండే మక్‌ఫర్సన్ అమరికలో, కారు దిగినప్పుడు అది ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గురుత్వ కేంద్రం కంటె ఎక్కువగా కిందికి పోతుంది. రెంటి మధ్య దూరం, అంటే ఒరగదోసే మీట పొడవు, పెరుగుతుంది. కొత్త స్ప్రింగు బిరుసులో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది.

డ్యాంపరు లెక్క కూడా వర్గమూలంతోనే నడుస్తుంది. స్ప్రింగు బిరుసు 30 శాతం పెరిగితే పాత డ్యాంపరు అణచే సామర్థ్యం, నిష్పత్తిలో, 12 శాతం తగ్గుతుంది. కొత్త డ్యాంపరైతే ఓర్చుకొంటుంది. లక్ష కిలోమీటర్లు తిరిగి అరిగినదైతే కారు గతుకు దాటిన తరువాత కూడా ఎగురుతూనే ఉంటుంది. ఎగిరే టైరుకు రోడ్డు మీద పట్టు ఉండదు, బ్రేకు వేసినా ప్రయోజనం తక్కువ. డబ్బు ఒక్క దానికే ఉన్నవారు ముందు మంచి డ్యాంపర్లు కొని, స్ప్రింగుల మాట తరువాత చూసుకోవడం మేలు. 1962లో కాలిన్ చాప్‌మన్ నాయకత్వంలో లోటస్ సంస్థ తెచ్చిన ఎలాన్ కారు ఈ మాటకు సాక్ష్యం. 700 కిలోగ్రాములకు లోపు బరువున్న ఆ కారుకు మెత్తని స్ప్రింగులు, చక్రాలకు ధారాళమైన కదలిక, వాటికి తగిన డ్యాంపర్లు అమర్చారు. మలుపులలో దానికి వచ్చినంత పేరు చాలా బిరుసు కార్లకు రాలేదు. ఆ తరువాత 1978లో అదే సంస్థ పందెపు కారు, తన అడుగుభాగాన గాలి పీడనాన్ని తగ్గించి కారును నేలకు అదుముకొనే పద్ధతితో ప్రపంచ విజేత అయింది. ఆ పద్ధతికి కారు ఎత్తు మారకుండా ఉండాలి గనుక పందెపు కార్ల స్ప్రింగులు రాయిలాగా బిరుసెక్కాయి. గతుకుల రోడ్డు మీద తిరిగే కారుకు ఆ అవసరం లేదు.

డబ్బు ఆదా చేయడానికి ఉన్న స్ప్రింగునే కోసేవారూ ఉన్నారు. 6 చుట్లలో ఒకటి కోస్తే బిరుసు 20 శాతం పెరిగే మాట నిజం. గ్యాసు మంటతో కోస్తే ఆ చోట ఉక్కు పదును చెడుతుంది. పైగా చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కురచైన స్ప్రింగు తన పీఠం నుంచి తొలగిపోవచ్చు. కొన్న స్ప్రింగుకైనా జాకీపై కారును ఎత్తి ఈ పరీక్ష చేయాలి. తరువాత చక్రాలను నేలమీద ఆనించి, కొత్త ఎత్తులో కారు నిలబడి ఉన్నప్పుడే రబ్బరు బుష్‌ల బోల్టులను బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరలోనే చిరుగుతుంది. చక్రాల వాలును మళ్ళీ కొలిపించడం ఆ తరువాతి పని.