గొర్రెల పొలంలో గాజు తీగ

చెట్లు ఎదిగిపోయాయి. కథకు మూలం అదే.

ఇంగ్లండులో వాయవ్యాన ఉన్న లాంకషైర్‌లో లూన్ అనే నది పారుతుంది. దాని లోయలో రే అని ఒక చిన్న ఊరు. చుట్టూ గొర్రెలూ పాడి ఆవులూ మేసే పచ్చిక పొలాలు. పొలానికీ పొలానికీ మధ్య సున్నమూ మట్టీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. క్రిస్ కాండర్ అక్కడ ఒక రైతు భార్య. ఆమె పక్క పొలం వాళ్ళకు ఇంటర్నెట్ అందేది లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పెట్టించిన వైర్‌లెస్ స్తంభం నుంచి. ఆ స్తంభానికీ ఇంటికీ మధ్య ఉన్న చెట్లు ఏటికేడాది ఎదిగి, చివరికి సిగ్నల్‌ను పూర్తిగా కమ్మేశాయి.

ఫోను తీగ లేదా అంటే ఉంది. కానీ రాగి తీగది ఒక తంటా. ఎక్స్‌ఛేంజి పక్కన ఇల్లున్నవాడికి అందులో బ్రాడ్‌బ్యాండ్ బాగానే వస్తుంది. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది, ఐదారు కిలోమీటర్లు దాటితే ఇక వచ్చినా రానట్టే. పల్లెల్లో ఇళ్ళన్నీ అలాంటి దూరాల్లోనే ఉంటాయి. ఇంగ్లండులో రైతు ఇంటర్నెట్ లేకుండా బతకడం కూడా తేలిక కాదు. ఆవు ఈనితే ఆ దూడకు 27 రోజుల్లోగా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాలి, అది ఆన్‌లైన్‌లో అయితేనే సుళువు. నిజంగానే, అక్కడ దూడకు పాస్‌పోర్టు ఉంటుంది!

కంపెనీలకు ఈ ఊళ్ళ మీద మోజు లేదు. కొండవారన విసిరేసినట్టున్న నాలుగు ఇళ్ళ కోసం మైళ్ళకు మైళ్ళు రోడ్డు తవ్వితే పెట్టుబడి ఎన్నటికి తిరిగొస్తుంది? వాళ్ళ లెక్క వాళ్ళది, ఆ లెక్కలో తప్పు కూడా లేదు.

క్రిస్ మరో లెక్క వేసుకుంది. కిలోమీటరు పొడవు ఫైబర్ కేబుల్, అంటే కాంతితో సమాచారం మోసే గాజు పోగుల తీగ, సొంత డబ్బుతో కొన్నది. ఇంట్లో ట్రాక్టరు ఉండనే ఉంది. పచ్చిక చీల్చి, మట్టి పక్కకు తోసి, తన ఇంటి నుంచి చెట్ల అవతలి ఇంటిదాకా కాలువ తీసి అందులో కేబుల్ పరిచారు. రెండు కొసల్లోనూ పరికరాలు తగిలించి వెలిగించారు. ఇదేమీ బ్రహ్మవిద్య కాదనీ, మూడు రోజుల ఒళ్ళువంచిన పని అనీ ఆమె తరువాత బీబీసీకి చెప్పింది. మామూలు మనుషులు చేయగలరని రుజువైంది కదా అన్నదే ఆమె ధీమా.

ఒక ఇంటికి సరే. మరి లోయంతటికీ?

ఇక్కడ కథలోకి బ్యారీ ఫోర్డ్ వస్తాడు. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నెట్‌వర్కింగ్ నిపుణుడు. ఏ పరికరం ఎక్కడ పెట్టాలో, ఎన్ని పోగుల కేబుల్ ఏ దారిన పోవాలో గీసి చూపగలిగినవాడు. ఆయనకు తెలిసిన రహస్యం ఒకటుంది. ఫైబర్ నెట్‌వర్కులో ఖర్చు గాజుది కాదు, గొయ్యిది. తారు రోడ్డు పగలగొట్టడం, ట్రాఫిక్ ఆపడం, మళ్ళీ పూడ్చి తారు వేయడం, వీటికే డబ్బంతా పోతుంది. అదే పచ్చికలో తవ్వితే ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ. కాకపోతే ఆ పచ్చిక ఎవరిదో ఒకరిది. నా పొలంలోంచి తీగ పోవాలంటే నాకేమిస్తావని అడగడం ఏ దేశపు రైతుకైనా తెలుసు. అక్కడ కంపెనీలు అందుకు అద్దె కట్టడం మామూలే.

లోయంతటికీ తీగ వేయడానికి క్రిస్, బ్యారీ, మరికొందరు కలిసి 2011లో సొసైటీ పెట్టారు. ‘బ్రాడ్‌బ్యాండ్ ఫర్ ది రూరల్ నార్త్’ అని పేరు, పొట్టిగా ‘బార్న్’. కనీస వాటా వంద పౌన్లు. ఎంత పెట్టినవాడికైనా ఓటు ఒకటే. లాభం వస్తే ఊళ్ళకే తప్ప బయటివాళ్ళ చేతికి పోకూడదని ముందే రాసుకున్నారు.

ఆ తరువాత ఊరూరా సభలు. ఊరి హాలులో కుర్చీలు, టీ కెటిలు, గోడ మీద మ్యాపు. ప్రశ్నలు ఎలా వచ్చి ఉంటాయో ఊహించడం కష్టమేమీ కాదు: డబ్బు మునిగిపోతే ఎవరు పూచీ? ఆవులు తొక్కితే తీగ తెగదా? పెద్ద పెద్ద కంపెనీలకు చేతకానిది మన వల్ల అవుతుందా? ఒక్క ఇంటికి ఇచ్చేది లేదు, ఇస్తే ఊరందరికీ అన్నది బార్న్ షరతు. పొలాల వాళ్ళంతా దారి ఉచితంగా వదలాలి. మధ్యలో ఒక్కరు కాదన్నా కేబుల్ పోయే గొట్టం చుట్టూ తిరిగి పోవాల్సిందే.

రైతులు ఒప్పుకున్నారు. నా మటుకు ఈ గాథలో అసలైన ఘట్టం ఇదే. టెక్నాలజీ ఎవరైనా కొనుక్కోవచ్చు. పక్కవాడి పొలంలోంచి దారి ఊరికే రావడం కొనుక్కునేది కాదు.

2012లో తవ్వకం మొదలైంది. వానలకు పేరుమోసిన నేల. బురదలో రబ్బరు బూట్లు కూరుకుపోతుంటే ఉద్యోగ విరమణ చేసిన మాస్టర్లు, గృహిణులు, కాలేజీ పిల్లలు నారింజ రంగు గొట్టం చుట్టలు దొర్లించుకుంటూ పొలాలకు అడ్డంపడ్డారు. మీటరు తవ్వితే ఒకటిన్నర పౌను లెక్క కట్టారు. చాలామంది దాన్ని నగదుగా కాక వాటాగా రాయించుకున్నారు. రాతిగోడ అడ్డొస్తే దాని కింద కన్నం పెట్టి గొట్టం దూర్చారు. చాకిరీ చేసేవాళ్ళకు ఆడవాళ్ళు వేళకు కేకులు చేసి పంపారు. ఈ నెట్‌వర్కు కేకుల మీద నడిచిందని అక్కడ జోకు వేస్తే పూర్తిగా జోకు కాదు.

గొట్టం పూడ్చాక అందులోకి గాలి కొట్టి, ఆ ఊపుతో కేబుల్‌ను ముందుకు పంపుతారు. తరువాతది చెయ్యి వణక్కుండా చేయాల్సిన పని. వెంట్రుక మందాన ఉండే గాజు పోగులను రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతకాలి. అంతకుముందెన్నడూ ఇలాంటి పని ముట్టనివాళ్ళు నేర్చుకుని మరీ అతికారు. ఇంటి గోడదాకా ఫైబరే, నడుమ రాగి ఊసే లేదు.

వెలిగింది. వేగం సెకనుకు వెయ్యి మెగాబిట్లు, దింపుకోవడానికీ ఎక్కించడానికీ సమానంగా. అప్పట్లో నెలకు 30 పౌన్లు, ఆనాటి లెక్కన దాదాపు రెండున్నర వేల రూపాయలు. తగిలించడానికి ఒక్కసారి 150 పౌన్లు. ఒక డీవీడీ నిండా ఉన్న సినిమా దించాలంటే రెండు మెగాబిట్ల రాగి తీగ మీద ఐదు గంటలు దాటుతుంది. ఈ తీగ మీద నిమిషం కూడా పట్టదు. అప్పటికి లండన్‌లో అధిక భాగం ఇళ్ళకు లేని వేగం ఇది.

అంతా సాఫీగా నడిచిందనుకోకండి. డాల్ఫిన్‌హోమ్ అనే పల్లెలో జనం తమ చేతులతో నెట్‌వర్కు వేసుకున్నాక, ప్రభుత్వ సాయంతో పెద్ద టెలికాం కంపెనీ బీటీ కూడా అక్కడికే రావడం పెద్ద రగడైంది. ఎవరూ లేని ఊళ్ళు అన్ని ఉండగా ఇక్కడికే ఎందుకని అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. బార్న్ కూడా తరువాతి కాలంలో ప్రభుత్వ వోచర్లు వాడుకుంది. అంతా చెమటతోనే సాగిందంటే అతిశయోక్తి అవుతుంది. క్రిస్‌కూ బ్యారీకీ ఎంబీఈ బిరుదులు వచ్చాయి. నెట్‌వర్కు కంబ్రియాకూ యార్క్‌షైర్‌కూ పాకింది. కనెక్షన్లు పది వేలు దాటాయి.

ఆ సొసైటీ పుట్టిన 2011లోనే, అక్టోబరులో, మన కేంద్ర మంత్రివర్గం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి ఆమోదం తెలిపింది. తరువాత దానికే భారత్‌నెట్ అని పేరు. ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది: తవ్వకం గొడవ లేకుండా కరెంటు స్తంభాల మీద ఫైబర్ లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేత ప్రారంభం చేయించి, నెలకు 149 రూపాయలకు ఇస్తామంది. పల్లెకు తీగ తేవడంలో అసలు ఖర్చు గొయ్యిదే అన్న సంగతి మనవాళ్ళకూ తెలుసు. తేడా ఎక్కడంటే, రే ఊళ్ళో తీగ తెగితే ఫిర్యాదు చేసేవాడే దాని యజమాని కూడా. మన దగ్గర పంచాయతీ గదిలో ఫైబర్ కనెక్షన్ పెట్టె ఉన్నా, దాన్ని వెలుగుతూ ఉంచే బాధ్యత ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలియదు.

ఈసారి మీ ఊరు వెళ్ళినప్పుడు పంచాయతీ కార్యాలయంలో ఫైబర్ పెట్టె ఎక్కడుందో చూపించమని కార్యదర్శిని అడగండి. అందులో దీపం వెలుగుతోందా, ఊరి బడికీ ఆరోగ్య కేంద్రానికీ అక్కడి నుంచి తీగ పోయిందా అని కూడా అడగండి. పోకపోతే, వచ్చే గ్రామసభలో ఆ ప్రశ్న మీరే లేవనెత్తండి.