ధనుర్వేదమున శరలక్షణము

ధనుర్వేదమనగానే మంత్రాస్త్రములే మన తలపునకు వచ్చును. అగ్నిపురాణములోని ధనుర్వేదాధ్యాయములను, 1363లో సంకలితమైన శార్ఙ్గధరపద్ధతిలోని ధనుర్వేదభాగమును, వసిష్ఠుని పేరనున్న సంహితను సాధారణముగ ఆ దృష్టితోనే చదువుదురు. కాని వానిలో పనివాని చేతినుండి వచ్చిన మాటలు కొన్ని కలవు. శార్ఙ్గధర వసిష్ఠులిరువురి యందును కానవచ్చు శరలక్షణము అట్టిది. ఎక్కుపెట్టిన ప్రతి బాణమును ఒకే తీరున పోవలెనన్న పట్టుదల ఆ మాటల వెనుక నున్నదని మా అభిప్రాయము.

శరమనగా మొదట రెల్లుజాతి కాడ. బాణమన్న అర్థము తరువాతిది. ఆ కాడ మిక్కిలి లావుగాను, మిక్కిలి సన్నముగాను ఉండరాదు. పండనిది, చెడునేలలో పెరిగినది, చెడుకణుపు గలది, పగిలినది పనికిరాదు. గట్టిగాను గుండ్రముగాను ఉండి, పిడికిలి తక్కువగ రెండు మూరల పొడవు, చిటికెనవ్రేలి లావు గలదానిని గ్రహింపవలెను.

తరువాత మూడు భేదములు చెప్పబడినవి. కొన లావైనది స్త్రీ, మొదలు లావైనది పురుషుడు, అంతటను సమమైనది నపుంసకము. మొదటిది దూరము పోవును, రెండవది గట్టిదానిని భేదించును, మూడవది గుఱికి శ్రేష్ఠము. ఇది అలంకారప్రాయమైన విభాగమని త్రోసివేయుట సులభము. కాని పెరుగు కాడ స్వభావముచేతనే మొదట లావు, చివర సన్నము. అలుగును ఏ వైపున పొదుగుదుమో దానినిబట్టి ఒకే కాడ స్త్రీయో పురుషుడో కాగలదు! నపుంసకము మాత్రము అట్లు దొరకదు. ఏరి, గీకి, సవరించి సాధింపవలసినది. గుఱికి విధింపబడినది శ్రమతో గాని లభింపని ఈ బాణమే. బరువు ముందునకు జరిగిన బాణము గాలిలో నిలకడగ పోవుననుట నేటి యంత్రశాస్త్రమునకును సమ్మతము. పురుషబాణపు భేదనశక్తికి మాత్రము ఇంత సూటియైన సమర్థన కానరాదు.

వదలిన బాణము నిటారుగ పోవునని మన కన్ను నమ్మును. అది నిజము కాదు. నారి త్రోపుచే వంగి, వింటిని చుట్టి దాటి, కొంతదూరము అటునిటు ఊగుచు పోవును. 1930 ప్రాంతములలో అమెరికాయందు క్లారెన్స్ హిక్‌మన్ అతివేగపు చలనచిత్రములచే దీనిని కంటికి చూపెను. కావున వంపు సమానము కాని బాణములు ఒకే గుఱిని చేరవు. ఆకారమును పదార్థమును మారకుండ కాడ వ్యాసము పదవవంతు తగ్గినచో దాని బిగువు మూడవవంతునకు పైగా తగ్గును. పండని కాడ మఱింత వంగును. లావును గూర్చియు పక్వతను గూర్చియు ఇంత పట్టుదల ఏలయో దీనివలన తెలియగలదు.

ఱెక్కలను గూర్చి హంస, నెమలి, గ్రద్ద మొదలగు పక్షులు పేర్కొనబడినవి. బాణమునకు నాలుగు, ఒక్కొక్కటి 6 అంగుళములు, నరముతో బిగింపవలెను, శార్ఙ్గమునకైన 10. తెలుగున అమ్ము, అలుగు, గరి, పింజ అను పేళ్లు వేర్వేరుగ నుండుటచే ఈ అంగవిభాగము మనవారికిని పరిచితమేయని చెప్పవచ్చును.

ఇక చిటికెనవ్రేలు ఎవరిది? మూర ఎవరిది? విల్కానివే యని మేము తలంచుచున్నాము. బాణపు పొడవు లాగు చేతిని అనుసరించినది. తన మూరతో తన వ్రేలితో కొలిచినవాని అమ్ములన్నియు ఒకదానికొకటి సరిపోవును, ఇంకొకని వింటికి సరిపోకున్నను కొఱత లేదు. ఆయుధాగారమునకు ఈ పద్ధతి చాలదు. అర్థశాస్త్రము రెండవ అధికరణమున ఆయుధాగారాధ్యక్షుడు వెదురు, శరము మున్నగువాని బాణములను చేయింపవలెను. వానిని వేయువారు అనేకులు. ఆ అధికరణముననే అంగుళము ఎనిమిది యవమధ్యములని, లేదా మధ్యముడైన పురుషుని నడిమివ్రేలి నడిమి వెడల్పని నిర్ణయింపబడినది. ఇచట వ్రేలు ఏ ఒక్కనిదియు కాదు. అయినను ఆ పట్టికలోనే 4 అంగుళములకు ధనుర్గ్రహమనియు, 8 అంగుళములకు ధనుర్ముష్టియనియు పేర్లు నిలిచినవి.