స్వేచ్ఛా వ్యాసరచన: పారితోషికం, కొలత, హక్కు

ఏ పత్రికలోనూ జీతానికి కుదురుకోకుండా, ఒక్కొక్క వ్యాసాన్ని విడిగా రాసి పంపి, అచ్చయినదానికి ప్రతిఫలం పుచ్చుకునే పద్ధతిని స్వేచ్ఛా వ్యాసరచన అంటారు. అలా రాసేవారికి తెలుగు పత్రికా రంగంలో ఫ్రీలాన్సర్ అనే పేరుంది. వార్తలు పంపేవారైతే కంట్రిబ్యూటర్ అంటారు. ఫ్రీలాన్స్ అనే ఇంగ్లీషు మాటకు మూలార్థం ఏ ప్రభువుకూ కట్టుబడకుండా కూలికి బల్లెం పట్టే యోధుడు. 1819 చివర వెలువడిన ‘ఐవాన్‌హో’ నవలలో వాల్టర్ స్కాట్ వాడిన ఈ మాట కాలక్రమంలో కలం పట్టినవారికి అన్వయమైంది. తెలుగులో మాత్రం రచయితకు ముట్టే సొమ్మును కూలి అనీ వేతనం అనీ అనరు, పారితోషికం అంటారు. పరితోషం అంటే తృప్తి. తృప్తి చెందినవారు సంతోషించి ఇచ్చేది పారితోషికం. చేసిన పనికి రావలసిన ధరను బహుమానంగా చూసే అలవాటు ఆ మాటలోనే ఇమిడి ఉంది, రచయిత తనకు రావలసినది అడగడానికి మొహమాటపడటానికీ, పేరు అచ్చయితే చాలదా అని ప్రచురణకర్త తప్పించుకోవడానికీ ఆ అలవాటు చాలాకాలం తోడ్పడింది.

తెలుగులో వ్యాసరచన చాలామందికి అసలు బతుకుతెరువు కాలేదు. ఉపాధ్యాయులు, వైద్యులు, శాస్త్రజ్ఞులు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు తీరిక వేళల్లో చేసిన పనిగానే అది ఎదిగింది. మద్రాసు, విజయవాడ, హైదరాబాదు నగరాల నుంచి వెలువడిన వార, మాస పత్రికలు ఈ రచనలను తపాలాలో స్వీకరించేవి. కాగితానికి ఒకవైపే, మార్జిను వదిలి రాయాల్సి ఉండేది. రచన సొంతమేననీ, అనువాదమో అనుకరణో కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయాల్సి ఉండేది. తిప్పి పంపడానికి తగిన స్టాంపులు అతికించిన కవరు పెట్టాల్సి ఉండేది. అంగీకారం కార్డు ముక్క మీద వచ్చేది, పారితోషికం మనీఆర్డరుగానో చెక్కుగానో అచ్చయిన తరువాత ఎప్పుడో చేరేది. రాయడానికీ సొమ్ము చేతికి రావడానికీ మధ్య నెలలు గడిచే ఈ ఎడం ఈమెయిలు వచ్చాక తగ్గినా పూర్తిగా పోలేదు. అందుకే ఈ ఆదాయాన్ని నెలవారీ ఖర్చుకు నమ్ముకోవడం క్షేమం కాదు.

స్వేచ్ఛా రచనకు ఎంత ఇవ్వాలో తేల్చడానికి తెలుగు పత్రికలలో వాడుకలో ఉన్న కొలతల్లో విశిష్టమైనది లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త కాలమ్ పొడవును బట్టి సొమ్ము కట్టే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండల వ్యవస్థ ఏర్పడటం, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు తేవడం, ఇతర పత్రికలు అదే బాట పట్టడం వల్ల ఊరూరి వార్తకూ చోటు దొరికింది; ఆ చోటు నింపడానికి మండలానికొక కంట్రిబ్యూటరు అవసరమయ్యాడు. అతనికి నెలజీతం ఉండదు. అచ్చయిన తన వార్తలను పత్రికలోంచి కత్తిరించి, తెల్లకాగితాల మీద తేదీల వారీగా అతికించి, స్కేలు పెట్టి కాలమ్ పొడవు కొలిచి, ఒక్కొక్క కత్తిరింపు పక్కన సెంటీమీటర్లు వేసి, నెలాఖరున కూడి పంపితే, ఆ మొత్తాన్ని రేటుతో హెచ్చవేసి సొమ్ము ఇచ్చేవారు. ఆర్టీసీ బస్సులో న్యూస్ కవరుగా వెళ్ళిన నాలుగు పుటల కథనం డెస్క్ మీద కత్తిరింపుకు గురై ఎనిమిది సెంటీమీటర్లుగా అచ్చయితే, ఎనిమిదికే లెక్క; తిరిగిన దూరానికీ, వేచిన సమయానికీ ఆ కొలతలో చోటు లేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పాత్రికేయ వృత్తి ప్రధాన వృత్తిగా ఉండి, పత్రికలో పూర్తికాలమో పాక్షికంగానో నియమితులైనవారినే పాత్రికేయులుగా గుర్తించింది కాబట్టి, మరో పని చేసుకుంటూ వార్తలు రాసేవారు చాలావరకు ఆ రక్షణకు బయటే ఉండిపోయారు.

లైన్ కొలతకు ఎన్ని లోపాలున్నా, అది తెలుగు స్వభావానికి అన్యాయం చేయదు. ఇంటర్నెట్ వచ్చాక ఇంగ్లీషు ప్రపంచం నుంచి దిగుమతి అయిన పదానికింత అనే రేటు మాత్రం చేస్తుంది. ఇంగ్లీషులో విభక్తులు, సహాయక క్రియలు, సముచ్చయాలు ఎక్కువగా విడివిడి పదాలుగా నిలుస్తాయి. తెలుగులో అవి ధాతువుకూ నామానికీ అతుక్కుపోతాయి. ‘చెప్పలేకపోతున్నందువల్ల’ అనేది లెక్కకు ఒక్క పదం. అదే భావానికి ఇంగ్లీషులో అయిదారు పదాలు పడతాయి. వెయ్యి పదాల ఇంగ్లీషు వ్యాసంలోని విషయం మొత్తం తెలుగులోకి వచ్చినప్పుడు పదాల సంఖ్య గణనీయంగా తగ్గుతుంది, అక్షరాల శ్రమ మాత్రం తగ్గదు. పైగా తెలుగులో పదాల మధ్య ఖాళీ ఎక్కడ వదలాలన్నదానికి స్థిరమైన కట్టుబాటు లేదు: ‘చేయవలసివచ్చింది’ అని కలిపి రాసినవారికి ఒక పదం కూలి, ‘చేయవలసి వచ్చింది’ అని విడదీసినవారికి రెండు పదాల కూలి ముడతాయి. చక్కగా సంధి కలిపి రాయగలిగినవారికి తక్కువ సొమ్ము దక్కే ఇటువంటి కొలత తెలుగు రచనకు తగదు. అనుభవం గల అనువాదకులు మూలభాషలోని పదాల లెక్కన ఒప్పుకోవడానికీ, వ్యాసకర్తలు పూర్తి వ్యాసానికింత అని మాట్లాడుకోవడానికీ కారణం ఇదే.

ప్రతి రకం వ్యాసమూ ఒకేలా ఆదాయం తేదు. పండుగ విశేషం, వర్ధంతి నివాళి వంటివి ఎవరైనా రాయగలరు కాబట్టి వాటికి పోటీ ఎక్కువ, ధర తక్కువ. ఒక విషయాన్ని వృత్తిరీత్యా దగ్గరగా ఎరిగి, దానిని ఇతరులకు అర్థమయ్యేలా చెప్పగలవారి శీర్షికలే ఏళ్ళ తరబడి నిలిచాయి. మద్రాసులో స్థిరపడిన మాలతీ చందూర్ 1950ల నుంచి దశాబ్దాల పాటు ‘ప్రమదావనం’ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడైన మహీధర నళినీమోహన్ జనరంజక విజ్ఞాన రచనకు తెలుగులో ఒక ఒరవడి దిద్దారు. విజయవాడ వైద్యుడు సమరం స్వాతి వారపత్రికలో నడిపిన ప్రశ్నోత్తరాల శీర్షిక ఇళ్ళలో పైకి చర్చించుకోని విషయాలను చదివించింది. 1969లో ప్రారంభమైన అన్నదాత వంటి వ్యవసాయ పత్రికలు సాగు శాస్త్రజ్ఞుల అనుభవాన్ని వ్యాసాలుగా మలిచాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడ్డాక ఈ తేడా మరింత పదునెక్కింది. అక్కడక్కడ ఏరి కూర్చే సాధారణ వ్యాసాన్ని యంత్రమే క్షణాల్లో తయారుచేస్తుంది గాని, గులాబీరంగు పురుగు సోకిన పత్తికాయను చీల్చి చూసి రాసిన పరిశీలన దానివల్ల కాదు.

సాంకేతికంగా ఈ పనికి కావలసినది తక్కువే. చాలాకాలం పత్రికలు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద పుటలు కూర్చడం వల్ల, యూనికోడ్‌లో పంపిన రచనను మార్చేటప్పుడు వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు చెదిరేవి. పంపే ముందు పత్రిక ఏ రూపం కోరుతుందో అడగడం, పీడీఎఫ్ ప్రతి జతచేయడం ఈ ఇబ్బందిని తగ్గిస్తుంది. 2018లో గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పుటలకు ప్రకటనలు ఇవ్వడం మొదలుపెట్టాక సొంతంగా ప్రచురించుకుని సంపాదించే దారి కూడా తెరుచుకుంది. ఇంగ్లీషులో రాయగల తెలుగువారు ఫైవర్ వంటి అంతర్జాతీయ వేదికల ద్వారా విదేశీ పని చేస్తున్నారు, అయితే ఆ వేదిక రచయిత ఆదాయంలో 20 శాతం తన వంతుగా తీసుకుంటుంది.

వ్యాసం వల్ల వచ్చే అసలైన ఆస్తి దానిమీది హక్కే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వేచ్ఛగా రాసినవారే తమ రచనకు మొదటి హక్కుదారులు. ఆ హక్కు రచయిత జీవితకాలమూ, మరణానంతరం 60 ఏళ్ళూ ఉంటుంది. హక్కు బదిలీ కావాలంటే రచయిత సంతకంతో లిఖితపత్రం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అది వర్తిస్తుంది; హక్కు పొందినవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, ఒప్పందంలో మరోలా లేనంతవరకు బదిలీ చెల్లకుండా పోతుంది. రచన తనదని చెప్పుకునే హక్కు, తన ప్రతిష్ఠకు భంగకరంగా దానిని వికృతం చేస్తే అభ్యంతరపెట్టే హక్కు బదిలీ తరువాత కూడా రచయితకే మిగులుతాయి. ‘సర్వహక్కులూ మావే’ అని ముద్రించిన పత్రం మీద చదవకుండా సంతకం చేసే అలవాటు వల్ల ఎందరో రచయితలు తమ వ్యాసాలను తామే సంపుటిగా వేసుకోలేని స్థితిలో పడ్డారు.

ఉద్యోగం చేసుకుంటూ రాసేవారు ఆ ఉద్యోగ నియమాలనూ గమనించాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు, విధులకు భంగం కలగనంతవరకు, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర రచనలను అనుమతిస్తాయి. ప్రభుత్వ విధానాలపై విమర్శను మాత్రం నిషేధిస్తాయి. రాష్ట్ర ఉద్యోగులు తమ తమ నియమావళిని చూసుకోవాలి. పారితోషికం పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. వృత్తిపరమైన రుసుము పరిమితి దాటితే చెల్లించే సంస్థే 10 శాతం పన్ను ముందుగా మినహాయిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి ఏడాదికి 30,000 రూపాయల నుంచి 50,000కు పెరిగింది. మొత్తం ఆదాయం పన్ను స్థాయికి చేరనివారు రిటర్ను దాఖలు చేసి ఆ సొమ్ము వెనక్కి పొందవచ్చు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సాహిత్య, కళా, శాస్త్ర గ్రంథాల రాయల్టీకి పాత పన్ను విధానంలో 3 లక్షల రూపాయల వరకు మినహాయింపు కల్పించింది గాని, పత్రికలలో అచ్చయిన వ్యాసాలను అందులో చేర్చలేదు. అవే వ్యాసాలు హక్కు చేజారకుండా నిలిచి, తేదీలతో సహా దాచిన కత్తిరింపుల నుంచి పుస్తకంగా వెలువడినప్పుడు, వాటిమీద వచ్చే రాయల్టీకి ఆ వెసులుబాటు వర్తించేది.