చిన్న విమానాల నావిగేషన్, భద్రత: దక్షిణ తెలంగాణ

రెండు, నాలుగు సీట్ల ప్రైవేటు, శిక్షణ విమానాల పైలట్లు దారి పోల్చుకునే పద్ధతుల చరిత్ర ఇది. ఆకాశం తేటగా ఉన్నంతసేపు ఈ ప్రాంతంలో నేలే పటం. కట్టంగూర్ మీద ఎగిరే పైలట్‌కు కింద 65వ నంబరు జాతీయ రహదారి, ఈశాన్యాన మూసీ జలాశయం ఆనవాళ్లు. ఇంకా దక్షిణానికి పోతే నాగార్జునసాగర్ నీళ్లు. గుర్తులు దొరకని చోట దిక్సూచి, గడియారం, వేగం కలిపి లెక్క కట్టాలి. దిశలో ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్లు పోయేసరికి విమానం ఒక మైలు పక్కకు జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వీఓఆర్ రేడియో స్టేషన్లు ఈ లెక్కను తేలిక చేశాయి. 1995లో జీపీఎస్ పూర్తిస్థాయికి వచ్చింది. పౌర సంకేతంలో కావాలని కలిపిన దోషాన్ని 2000 మేలో అమెరికా తొలగించాక దాని కచ్చితత్వం బాగా పెరిగింది. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ ఆ సంకేతాలను సవరించి, దిగేటప్పుడు ఎత్తు విషయంలోనూ నమ్మదగిన సాయం ఇస్తుంది.

అయితే ఎక్కడున్నామో తెలియడం వేరు, ముందుకు పోవచ్చో లేదో తేల్చుకోవడం వేరు. పరికరాలు మొదటి ప్రశ్నకే పూర్తి జవాబు చెబుతాయి. 1954లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం, పరికరాల మీదే ఆధారపడి నడపడంలో అనుభవం లేని 20 మంది పైలట్లను మబ్బులో ఉన్నట్టు కల్పించిన పరిస్థితిలో పరీక్షించింది. అందరూ అదుపు కోల్పోయారు. సగటున 178 సెకన్లకే. వాళ్ల ప్రాణాల మీదికి తెచ్చేది దారి తెలియకపోవడం కాదు, మబ్బులోకి పోవడం. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించారు. అది చిన్న ప్రైవేటు విమానం కాదు, నడిపిన ఇద్దరూ శిక్షణార్థులు కారు. అయినా విచారణ కమిటీ చూపిన కారణాలు తీవ్రమైన కిందిగాలి, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్య వైపు మళ్లిన పైలట్ల ధ్యాస. దారి తప్పడం కాదు.

తెర మీద కదిలే పటం, నేల దగ్గరపడితే మోగే హెచ్చరిక ఎన్నో ప్రాణాలు కాపాడలేదా అని అడగవచ్చు. కాపాడాయి, సందేహం లేదు. కనబడని గుట్టను గుద్దుకునే ప్రమాదాన్ని అవి తగ్గిస్తాయి. కానీ ఉరుముల మబ్బు ముందున్నప్పుడు వెనక్కి తిరగమని పటం ఆజ్ఞాపించదు. పైగా 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం చాలా బలహీనం, దాన్ని అడ్డుకోవడం కష్టం కాదు. కాబట్టి 40 గంటలతో ప్రైవేటు లైసెన్సుకు అర్హత పొందే శిక్షణలో పరికరం వాడకం ఎంత నేర్పుతారో, వాతావరణం చెడితే మధ్యలోనే దారి మళ్లించడం, బయల్దేరకుండా ఆగిపోవడం అంత గట్టిగా సాధన చేయించాలి.