రాబర్ట్ రూల్స్: పెద్ద సభకు బిగింపు, చిన్న బోర్డుకు సడలింపు

1863. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. మసాచుసెట్స్ రాష్ట్రం న్యూబెడ్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తున్న హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే యువ సైనిక ఇంజినీరును ఒక చర్చి సభకు అధ్యక్షత వహించమన్నారు. సభ ఎలా నడపాలో ఆయనకు తెలియదు. తలా ఒక మాటతో సభ రసాభాస అయింది. సభా నియమాలు నేర్చుకోకుండా మళ్లీ ఏ సభకూ వెళ్లకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు.

పుస్తకాలు లేక కాదు. అమెరికా సెనేట్ కోసం థామస్ జెఫర్సన్ రాసిన మాన్యువల్ 1801లోనే వచ్చింది. లూథర్ కుషింగ్ పుస్తకం 1845లో వెలువడింది. అయితే తర్వాత రాబర్ట్ బదిలీపై వెళ్లిన శాన్‌ఫ్రాన్సిస్కోలో నలుమూలల నుంచి వచ్చిన జనం ఉన్నారు. ఎవరి ఊరి పద్ధతి వాళ్లకు వేదం. పని కన్నా పద్ధతి మీదే తగువు ఎక్కువ.

అందరికీ ఒకే పద్ధతి ఉండాలని రాబర్ట్ స్వయంగా కలం పట్టాడు. 1876 ఫిబ్రవరిలో సొంత ఖర్చుతో 4,000 ప్రతులు అచ్చువేయించాడు. నాలుగు నెలల్లో అన్నీ అమ్ముడుపోయాయి. ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’ అలా పుట్టింది. ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, అధ్యక్షుడి అనుమతితోనే లేచి మాట్లాడాలి, అధ్యక్షుడు ఏ పక్షం వహించకూడదు. వందల మంది కూర్చున్న సభలో ఈ కట్టడి లేకపోతే గొంతు పెద్దదైనవాడిదే రాజ్యం.

అయిదారుగురున్న బోర్డుకూ ఇంత తతంగం అవసరమా? రాబర్టే అక్కర్లేదన్నాడు. చిన్న బోర్డు పని ఆయన స్వయంగా చూసినదే: 1900 తుపానులో నాశనమైన గాల్వెస్టన్ నగరానికి సముద్రపు గోడ రూపొందించిన ఇంజినీర్ల బోర్డులో ఆయనతో కలిపి ముగ్గురే సభ్యులు. 1915లో తన పుస్తకాన్ని తిరగరాసినప్పుడు చిన్న బోర్డులకు ప్రత్యేకంగా వెసులుబాట్లు చేర్చాడు. హాజరైనవాళ్లు సుమారు డజనుకు మించకపోతే లేచి నిలబడనక్కర్లేదు, ప్రతిపాదనను బలపరచనక్కర్లేదు. ఎన్నిసార్లయినా మాట్లాడవచ్చు. ఇప్పటి కూర్పు ప్రకారం తీర్మానం పెట్టకముందే విషయం చర్చించుకోవచ్చు. అధ్యక్షుడు కూర్చునే మాట్లాడవచ్చు, తానే ప్రతిపాదించవచ్చు, ఓటూ వేయవచ్చు.

సడలించింది మాట్లాడే తీరునే. సభ్యులందరికీ నోటీసు, కోరం (కనీస హాజరు), మినిట్స్ (సమావేశ నమోదు) మాత్రం బోర్డు ఎంత చిన్నదైనా తప్పవు. రాని సభ్యుడి హక్కును కాపాడేది నోటీసు. ఇద్దరు ముగ్గురు కలిసి అందరి పేరుతో నిర్ణయించకుండా ఆపేది కోరం. రేపు మాట మారకుండా చూసేది మినిట్స్. ఒక్కొక్క సభ్యుడినీ విడిగా అడిగి సరేననిపించుకుంటే, అందరూ సరేనన్నా సరే, అది బోర్డు నిర్ణయం కాదంటుంది రాబర్ట్ సంప్రదాయం. కలిసి చర్చించుకునే అవకాశం దక్కలేదు కదా.

మన కంపెనీల చట్టం, 2013 దారి కొంచెం వేరు. బోర్డు సమావేశానికి ఏడు రోజుల నోటీసు ఉండాలి. కోరం మూడో వంతు డైరెక్టర్లు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. సమావేశం లేకుండా ముసాయిదా తీర్మానాన్ని డైరెక్టర్లందరికీ పంపి ఆమోదం పొందే వీలు 175వ సెక్షన్ ఇచ్చింది. కానీ మూడో వంతు మంది డైరెక్టర్లు సమావేశంలోనే తేల్చాలని పట్టుబడితే అలాగే చేయాలి. ఆమోదం పొందిన తీర్మానాన్ని తర్వాతి సమావేశం మినిట్స్‌లో నమోదు చేయాలి.

అపార్ట్‌మెంటు సంఘమైనా, గ్రంథాలయ కమిటీ అయినా ముందు తమకు వర్తించే చట్టాన్నీ, బైలాలనూ చూసుకోవాలి. అవి అడ్డుచెప్పని చోట చర్చను స్వేచ్ఛగా సాగనివ్వండి. ఓటుకు పెట్టే ముందు మాత్రం తీర్మానాన్ని పైకి చదివి, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో రాసిపెట్టండి. చిన్న కమిటీకి ఆ మాత్రం క్రమశిక్షణ చాలు, అంతకు తగ్గితే చాలదు.