నాచు నుంచి చమురు: ధరల వెంట నడిచిన పరిశోధన

సముద్రపు సూక్ష్మజీవులు భూమి పొరల్లో వేడికీ ఒత్తిడికీ లోనై ముడి చమురుగా మారడానికి లక్షల ఏళ్లు పట్టింది. ఇంచుమించు అదే మార్పును గంటలోపు తెచ్చే పద్ధతి జల ఉష్ణ ద్రవీకరణ. జీఎస్-3లో ఇంధన భద్రత చదివేటప్పుడు దీన్ని కేవలం సాంకేతికాంశంగా చూసి వదిలేస్తాం. కానీ విధానాలు ఎక్కడ తడబడతాయో చెప్పే పాఠం దీని చరిత్రలో ఉంది.

1973 చమురు సంక్షోభం అగ్రరాజ్యాలను కూడా కుదిపేసింది. 1978లో అమెరికా ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ ప్రారంభించింది. సూక్ష్మ శైవలాల్లోని కొవ్వును తీసి బయోడీజిల్ చేయడం దాని ప్రధాన లక్ష్యం. సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. చమురు చవకయ్యాక, బడ్జెట్ కోతల నడుమ 1996లో అది మూతపడింది.

ఈలోగా జపాన్ మరో దారి పట్టింది. కోసిన శైవలంలో అధిక భాగం నీరే. దాన్ని ఆరబెట్టడానికే బోలెడంత శక్తి కావాలి. ఆరబెట్టకుండా తడిగానే వాడితే? 1994లో అక్కడి పరిశోధకులు బొట్రియోకాకస్ బ్రౌనీ అనే శైవలాన్ని 300 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవీకరించి, పొడి బరువులో సగానికి పైగా నూనె రాబట్టారు. అధిక ఒత్తిడిలో ఉన్న నీరు అంత వేడిలోనూ ఆవిరి కాదు. సేంద్రియ ద్రావణిలా పనిచేస్తుంది. కొవ్వుతో పాటు మాంసకృత్తులు, పిండిపదార్థాలు కూడా విడిపోయి నూనెలో చేరతాయి.

2013లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల, సుమారు 350 డిగ్రీల వద్ద ఆగకుండా సాగే ప్రక్రియను ప్రకటించింది. మరుసటి ఏడాదే చమురు ధరలు కుప్పకూలాయి. పలు శైవల సంస్థలు ఇంధనాన్ని వదిలి పోషకాహార ఉత్పత్తుల వైపు మళ్లాయి.

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫాపై పెద్ద ఆశలు పెట్టింది. బంజరు భూముల్లో ఆశించిన దిగుబడి రాక అవి ఫలించలేదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం శైవలాలకు చోటిచ్చింది. జామ్‌నగర్‌లో రిలయన్స్ కూడా ఈ రంగంలో ప్రయోగాలు చేసింది.

అడ్డంకులు తీరలేదు. మాంసకృత్తుల నుంచి వచ్చే నత్రజని నూనెలో మిగిలి శుద్ధిని కష్టం చేస్తుంది. అధిక ఒత్తిడిని తట్టుకునే రియాక్టర్లు ఖరీదైనవి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు శైవలాన్ని పెంచడానిదే. అందుకే మురుగునీటిలో శైవలాన్ని పెంచడం, ప్రక్రియలో మిగిలిన నీటిలోని పోషకాలను తిరిగి చెరువుకే మళ్లించడం మనకు అనువైన దారి. నీటి శుద్ధి, ఇంధనం రెండూ ఒకే ఖర్చులో కలిసివస్తాయి.

పద్ధతి పనిచేస్తుందని 1994లోనే తేలింది. లోపించింది నిలకడ. చమురు పిరమైనప్పుడు పరుగెత్తి, చవకైనప్పుడు ఆగిపోయే విధానంతో ఇంధన భద్రత రాదు. జట్రోఫా నేర్పినట్లు, దిగుబడి రుజువయ్యాకే లక్ష్యాలు ప్రకటించాలి; ధర పడినా పరిశోధన ఆపకూడదు.